రంగం నవల: నూకాలు ఆ ఉత్తరం దాచాలా, వద్దా?

తాళ్ళరేవు_కెరటం
మూడేళ్ళుగా ఒక చారిత్రక ప్రేమ నవల రాస్తున్నాను, పోయిన ప్రేమ కథ. ఉప్పాడ, కాకినాడ, రంగం (బర్మాలోని రంగూన్). 1938లో మొదలై 1942 వేసవితో ఆగుతుంది. చివర్లో ఒక్క అధ్యాయం 1964లో. నేతవాళ్ళ పిల్ల చిట్టెమ్మ, చేపల వేటవాళ్ళ పిల్ల నూకాలు చిన్నప్పటి స్నేహితులు. చిట్టెమ్మ మనసు పడ్డ అప్పన్న, కూలీలని కుదిర్చే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని రంగం రేవులో కూలికి పోతాడు. చిట్టెమ్మకి అక్షరం రాదు. నూకాలు మిషన్ బళ్ళో నాలుగో తరగతి దాకా చదివింది. అందుకని ఉత్తరాలు రాసిపెట్టేది, వచ్చినవి చదివి వినిపించేది నూకాలే.

ఇంతవరకూ చేయి ఆగలేదు. 14వ అధ్యాయంలో అప్పన్న ఆఖరి ఉత్తరం వస్తుంది. నూకాలు దాన్ని దాచేస్తుంది. అతని మాటలు చదివి చదివి తనకీ అతని మీద ఇష్టం పుట్టింది. 1964లో ఆ ఉత్తరం పెట్టెలో దొరుకుతుంది. రాసిన రోజు చాలా బాగుందనుకున్నాను. ఇప్పుడు చదువుతుంటే నూకాలు ఆ పని చేయదనిపిస్తోంది. నాలుగు నెలలైంది ముందుకు వెళ్ళి. పోయిన నెల ఇక్కడ 13 అధ్యాయాలూ, ముందే రాసుకున్న బాంబుల ఘట్టం, 1964 అధ్యాయం కూడా పెట్టాను కదా, చదివినవాళ్ళు దాచుకోకుండా చెప్పండి.

బందరు_బుల్లోడు
మళ్ళీ దాచిన ఉత్తరమా! వద్దు.

పిఠాపురం_పద్దు
ఉండాలి. బందరు గారూ, ఒక్క ముక్కలో కొట్టేస్తే ఎలా? ఇద్దరాడవాళ్ళ స్నేహం 13 అధ్యాయాలు చల్లగా నడిచింది. ఎక్కడో ఒకచోట పగలాలి. పగలని స్నేహాన్ని 300 పేజీలు ఎవరు చదువుతారు?

బందరు_బుల్లోడు
పగలాలంటే పగలగొట్టడానికి ఆ కాలంలో ఎన్ని లేవండి! యుద్ధం ఉంది, తుపాను ఉంది, అప్పు ఉంది. ఇన్ని ఉండగా పాపం మూడిళ్ళ అవతలి పిల్లని దొంగని చెయ్యడం ఎందుకు?

చుక్కాని
ఉత్తరం సంగతి తర్వాత చెప్తాను. ముందు నాలుగు దిద్దుబాట్లు. ముప్ఫై ఏళ్ళు ఓడల మీద పని చేసినవాణ్ణి, ఇవి చూసి ఊరుకోలేను.

12వ అధ్యాయంలో 1941 దసరాకి చిట్టెమ్మ కాకినాడలో కోటిపల్లి రైలెక్కింది. ఆ లైను 1928లో వేశారు, 1940లో యుద్ధం కోసమని పట్టాలు ఊడదీసుకుపోయారు. మళ్ళీ రైలు తిరిగింది 2004లో. ఆ పిల్ల 63 ఏళ్ళు స్టేషన్లో కూర్చోవాలి. జట్కా ఎక్కించండి.

ముందుమాటలాంటి అధ్యాయంలో 1839 కోరంగి ఉప్పెన. దొర కెప్టెన్ చేత 'సైక్లోన్ వస్తోంది' అనిపించారు. ఆ మాటే అప్పటికి లేదు. కలకత్తాలో ఉన్న పిడింగ్టన్ అనే ఆయన 1840ల్లో పుట్టించాడు.

అప్పన్న వెళ్ళిపోయే చోట స్టీమరు ఒడ్డుకి ఆనుకుని ఉందని రాశారు. కాకినాడలో అప్పట్లో స్టీమరు ఒడ్డుకి రాదు. లోతు చాలదు. మైళ్ళ దూరంలో లంగరేసుకుని ఉంటుంది. కాలవలోంచి పడవల మీద మనుషుల్నీ సరుకునీ తీసుకెళ్ళి ఎక్కించాలి. దీన్ని తప్పు కింద కొట్టేయకండి, మీకిది కలిసొచ్చే సంగతి. ఓడ అంచున నిలబడి చెయ్యి ఊపడం అందరూ రాసిందే. ఇక్కడ మనిషి మొహం కనపడేది పడవలో ఉన్నంతసేపే. స్టీమరు చేరాక ఎవడు ఎవడో తెలీదు. ఆ తర్వాత ఎంతసేపటికి లంగరు ఎత్తుతారో కూడా తెలీదు. మనిషి కనపడడు, ఓడ మాత్రం కదలకుండా అక్కడే ఉంటుంది. చిట్టెమ్మ ఇంటికి వెళ్ళాలా, ఉండాలా? ఆ గంటలు రాయండి.

నాలుగోది బాంబులు. అమావాస్య రాత్రి, పోటు మీదున్న సముద్రం అన్నారు. విశాఖ మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులేసింది 1942 ఏప్రిల్ 6, పట్టపగలు. సోమవారం. ఈస్టర్ మర్నాడు. చైత్ర పౌర్ణమి వెళ్ళి ఐదు రోజులు, అంటే పోటు కూడా తగ్గుముఖం. మిషన్ బళ్ళో చదివిన నూకాలికి ఈస్టర్ గుర్తు లేకుండా ఉండదు కదా.

తాళ్ళరేవు_కెరటం
చుక్కాని గారూ, కోటిపల్లి రైలు సంగతికి చేతులెత్తి దణ్ణం. మా అమ్మమ్మ ఆ రైలు గురించి చెప్పేది, ఏ ఏడు అని అడగలేదు నేను. లంగరేసిన స్టీమరు గురించి రాత్రంతా ఆలోచించాను. రెండో అధ్యాయం మళ్ళీ రాస్తున్నా.

ఉప్పాడ_పిల్ల
మీరు రాసిన రేవు, దాని పక్క వీధి, ఆ చివర చెట్టు, ఇవన్నీ ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయండి. మా తాతల ఇల్లు ఉండే చోట పడవలు తిరుగుతున్నాయి. ప్రతి తుపానుకీ కొంత కోసుకుపోతుంది. కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. అందుకే మీ నవల చదువుతుంటే నాకు వేరేలా ఉంది. లేని వీధిలో నడిచినట్టు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. ఆరో అధ్యాయంలో నూకాలు, చిట్టెమ్మ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని బుటా వేస్తారు. బుటాలు చేత్తో వేసే జాందానీ నేతకి ఇద్దరు కూర్చోవడం నిజమే. కానీ ఆ రోజుల్లో వేటవాళ్ళ పిల్లని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనిచ్చేవారా? మా నాయనమ్మ చెప్పేదాన్ని బట్టి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు, మహా అయితే కండెలు చుట్టచ్చు. లోపలికి రానిచ్చేవారు కాదు.

సీతమ్మధార_శీను
ఏటండీ, ప్రేమ నవల్లో కూడా కులం లెక్కలేనా.

ఉప్పాడ_పిల్ల
ఉన్నదాన్ని లేదని రాస్తే ఆ స్నేహం విలువ తగ్గిపోద్ది శీను గారూ. గడప ఇవతల ఒకత్తి, అవతల ఒకత్తి కూర్చుని పదేళ్ళు స్నేహం చేశారంటేనే అది గట్టి స్నేహం. ఉత్తరం కూడా గడప మీదే చదివేది అనుకోండి. చిట్టెమ్మ లోపల మగ్గం దగ్గర, నూకాలు అరుగు మీద. గట్టిగా చదివితే నాన్న వింటాడు, మెల్లగా చదివితే చిట్టెమ్మకి వినపడదు.

తాళ్ళరేవు_కెరటం
ఇది నాకు తట్టనే లేదు. మీ మాటే తీసుకుంటున్నాను.

గోదారి_గట్టు
నాకు చరిత్ర తెలీదు గానీ పాఠకురాలిగా ఒక మాట. చారిత్రక ప్రేమ నవల అని మీరే చెప్పారు. అంటే అప్పన్న తిరిగి రావాలి. ముసలాడై అయినా సరే, 1964లో దిగాలి. అంతసేపు చదివించి ఆయన్ని చంపేస్తే నేను మీ రెండో నవల కొనను. ఆయ్, ఇది బెదిరింపే.

పిఠాపురం_పద్దు
గోదారి గట్టు గారితో నేనూ. రావాలి.

బందరు_బుల్లోడు
'పోయిన ప్రేమ' కథ అని కూడా ఆయనే చెప్పారు. తిరిగొస్తే పోయిందెక్కడ? అన్నట్టు కెరటం గారూ, ఈ కథంతా మా బందర్లో పెట్టి 1864 నవంబరు ఉప్పెనతో ముగిస్తే ఎలా ఉండేదో! ముప్ఫై వేల మంది పోయిన రాత్రి. మా ఊరిని ఎవరూ రాయరు.

చుక్కాని
మీరు రాయండి బందరూ. మేం చదువుతాం.

బర్మా_క్యాంపు_బుజ్జి
1964 అధ్యాయం గురించి. మాది విశాఖ బర్మా క్యాంపు. మావాళ్ళు ఆ రోజుల్లోనే బర్మా నుంచి వచ్చారు. మీ అధ్యాయంలో ఒకాయన నడుముకి నోట్ల కట్టలు కట్టుకుని ఓడ దిగుతాడు. ఆ ఏడు మే నెలలో అక్కడి సర్కారు 50, 100 క్యాట్ నోట్లు చెల్లవంది. కూడబెట్టినవన్నీ కాగితాలైపోయాయి. మా తాత ఒక నోటు దాచాడు, అది ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది. ఓడ దిగినవాళ్ళ చేతుల్లో డబ్బు కాదు, పిల్లలుండేవారు, వంట గిన్నెలుండేవి. ఆడవాళ్ళ బుగ్గల మీద తనకా, అంటే చెట్టు బెరడు అరగదీసిన పూత. ఇక్కడివాళ్ళు అదేంటో తెలీక 'సుద్దేంటమ్మా' అనేవారట. మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారం పొద్దున మోహింగా వండుతారు, చేపల పులుసుతో తినే నూడుల్స్. నూకాలు లాంటి మనిషి ఓడ చూడ్డానికి వస్తే మొదట ముక్కుకి తగిలేది ఆ చేపల వాసన, తనకి తెలిసిందే కానీ వేరేగా ఉంటుంది. అది రాయండి.

తాళ్ళరేవు_కెరటం
బుజ్జి గారూ, నోట్లు తీసేశాను. మోహింగా పెట్టాను.

రంగం_మనవరాలు
ఇన్నాళ్ళూ చదువుతూ ఉన్నాను, రాయలేదు. ఈ చర్చలో రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా తాత, ఆయన స్నేహితుడు ఒకే రోజు ఒకే స్టీమరెక్కి రంగం వెళ్ళారు. అక్కడ ఒకే గది, ఇద్దరికీ కలిపి ఒకే రేకుపెట్టె, తాళంచెవి ఆ స్నేహితుడి మొలతాడుకి. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాయి. రేవు పక్కనే కూలీల లైన్లు. వేలమందితో పాటు వీళ్ళూ ప్రోమ్ రోడ్డు పట్టారు. ప్రోమ్ దాటి నది అవతల నుంచి టాంగప్ కనుమ, అది దిగితే అరకాన్ తీరం, అక్కణ్ణుంచి చిట్టగాంగ్. కనుమ మీద నీళ్ళు లేవు. కలరా తగిలింది. ఆ స్నేహితుడు అక్కడే పోయాడు. తాత అతని మొలతాడు నుంచి తాళంచెవి విప్పుకుని నడిచాడు. పెట్టె రంగంలోనే ఉంది, దానికి తాళంచెవి ఎందుకని ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

1942 వేసవిలో ఊరు చేరాడు. స్నేహితుడి భార్య వచ్చి 'వెనకాల వస్తున్నాడా' అని అడిగింది. తాత 'వస్తున్నాడమ్మా' అన్నాడు. అలా రెండేళ్ళు. ఆవిడ వారానికోసారి వచ్చి అడిగేది. మా నాయనమ్మకి మొదటి రాత్రే చెప్పాడు, ఆవిడా నోరు విప్పలేదు. ఆ ఇద్దరాడవాళ్ళూ ప్రాణస్నేహితులు. రెండేళ్ళ తర్వాత ఒక రోజు నాయనమ్మే తాళంచెవి తీసుకెళ్ళి చేతిలో పెట్టింది. ఆవిడ ఏడవలేదట. 'నువ్వు నా దగ్గర చేపలకి డబ్బులు తీసుకోవడం మానేసిన రోజే తెలిసింది వదినా' అందట.

దాచడం ఉంటుందండి. మా ఇంట్లోనే ఉంది. కానీ అసూయతో దాచడం కాదు.

ఉప్పాడ_పిల్ల
ఇంక నేనేం రాయను. చేపల మాట దగ్గర ఆగిపోయాను.

గోదారి_గట్టు
మనవరాలు గారూ, మా బెదిరింపు వెనక్కి తీసుకుంటున్నాను. రాకపోయినా చదువుతాను.

పిఠాపురం_పద్దు
నేను మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మనవరాలు గారు చెప్పింది నిజ జీవితం, దానికి తిరుగు లేదు. అయినా నూకాలికి అప్పన్న మీద ఇష్టం ఉందని పది అధ్యాయాల్లో చూపించారు కదా, దాన్నేం చేస్తారు? ఊరికే వదిలేస్తే చదివేవాడికి అసంతృప్తి.

బందరు_బుల్లోడు
పద్దు గారి మాటలో న్యాయం ఉంది, ఇష్టం ఉండనివ్వాలి. నేను వద్దన్నది దొంగతనం ఒక్కటే. అసలు ఆ ఆఖరి ఉత్తరం ఎలా వస్తుంది? 14వ అధ్యాయం 1942 ఫిబ్రవరిలో కదా. రంగం అప్పటికే ఖాళీ అవుతోంది, మార్చి 8న జపాన్ వాళ్ళ చేతికి చిక్కింది. మేస్త్రీలే పారిపోయారు, ఎవడి ఉత్తరం ఎవడు వేస్తాడు? ఇంత పెద్ద కారణం కళ్ళెదురుగా ఉంటే ఉత్తరం రావడమెందుకు, ఒకత్తి దాచడమెందుకు? రానివ్వకండి. దాచాల్సిన పనే ఉండదు.

చుక్కాని
సరిగ్గా పట్టుకున్నావు బందరూ.

కరీంనగర్_కొమురయ్య
మాకు సముద్రం లేదు గని దుబాయి ఉన్నది. మా నాయిన 1986ల పోయిండు. అమ్మకు చదువు రాదు. నాయిన ఉత్తరం రాయకపోయేది, కాసెట్ల మాట్లాడి ఎవలన్నా వచ్చేటోళ్ళతోని పంపేటోడు. రెండు దిక్కులా నింపి. అమ్మ టేప్‌రికార్డర్ ముంగట కూసోని ఇంటుండె. పక్కింటి లచ్చవ్వ చిన్నమ్మ కూడా వచ్చి కూసునేది. చిన్నమ్మ పెనిమిటి గూడ ఆడనే ఉండె, ఆయన కాసెట్ పంపకపోయేటోడు, పైసలు గూడ పంపకపోయేటోడు. చిన్నమ్మ మా నాయిన కాసెట్లనే ఇంటుండె. 'పిల్లలు మంచిగున్నరా, బాయిల నీళ్ళున్నయా' అని నాయిన అడిగే జాగ ఉంటది గదా, 'గది మల్ల పెట్టక్కా' అనేది. అమ్మ పెట్టేది. పాత కాసెట్ అయినా కొత్తదే అన్నట్టు పెట్టేది. అది పాతదని చిన్నమ్మకు తెల్వదా? తెలుసు. ఇద్దరికీ తెలుసు.

మీ నవలకు ఇది అక్కరకొస్తదో రాదో గని, చదువుతుంటె యాదికొచ్చింది.

రంగం_మనవరాలు
కొమురయ్య గారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఉప్పాడ_పిల్ల
ఆగండాగండి. కెరటం గారూ, దొరికిందండి మీకు. నూకాలు వచ్చిన ఉత్తరం దాచదు. రాని ఉత్తరం చదువుద్ది!

తాళ్ళరేవు_కెరటం
అంటే?

ఉప్పాడ_పిల్ల
జనవరి నుంచి టపా లేదు. చిట్టెమ్మ రోజూ అరుగు మీదకి వస్తాది. ఒకరోజు నూకాలు తట్టలోంచి పాత ఉత్తరం తీసి, ఇవాళే వచ్చింది అని చదువుద్ది. మొదటి నాలుగు మాటలు పాతవే. తర్వాత తన మాటలు కలుపుద్ది. పద్దు గారు అడిగిన ఇష్టం అక్కడుంది. అప్పన్న నోటితో తను చెప్పాలనుకున్నదంతా చెప్పుద్ది, కానీ చిట్టెమ్మకే చెప్పుద్ది.

పిఠాపురం_పద్దు
ఇప్పుడు ఒప్పుకుంటున్నా. ఇది దాచిన ఉత్తరం కన్నా బరువైంది.

సీతమ్మధార_శీను
చిట్టెమ్మకి తెలీదంటారా? అక్షరం రాకపోతే కళ్ళు లేవా? 1937లో బర్మాని మన దేశం నుంచి విడదీశారు కదా, దాని స్టాంపులు వేరు. కవరు మీద స్టాంపు చూసి పోల్చుకోగలదు. నాలుగేళ్ళుగా చూస్తున్న పిల్ల.

చుక్కాని
కవరు లేకుండా కాగితం ఒక్కటే తెచ్చిందనుకుందాం. అప్పుడైనా పట్టుకుంటుంది. మగ్గం దగ్గర పని చేసే మనిషి, నూలు పోగు తేడా వేలితో చెప్పగలదు. మడత పడ్డ కాగితం కొత్తదో పాతదో చెప్పలేదా?

గోదారి_గట్టు
అయితే పట్టుకున్నాక నిలదీస్తుందా?

కరీంనగర్_కొమురయ్య
అడగది. 'గది మల్ల చదువు' అంటది.

తాళ్ళరేవు_కెరటం
ఎనిమిది రోజులు ఇటువైపు రాలేదు, రాస్తూ ఉన్నాను. 14వ అధ్యాయం మొత్తం చించేసి మళ్ళీ రాశాను. ఒక ముక్క పెడుతున్నాను.

"నూకాలు చదవడం ఆపింది. చిట్టెమ్మ చేయి చాచింది. కాగితం ఇవ్వక తప్పలేదు. చిట్టెమ్మ దాన్ని తిప్పి చూసింది. అంచున పసుపు మరక. పోయిన శ్రావణంలో తన వేలిదే. మడత దగ్గర బొటనవేలు పెట్టి ఒకసారి సాపు చేసి, గడప మీద నుంచి తిరిగి ఇచ్చింది.

'వర్షాల గురించి ఏదో అన్నాడు కదే. ఆ ముక్క మళ్ళీ చదువు' అంది.

ఆ ఉత్తరంలో వర్షాల మాట లేదు. నూకాలు చదివింది."

రంగం_మనవరాలు
చదివాను. మా నాయనమ్మ ఉండి ఉంటే ఆవిడకి చదివి వినిపించేదాన్ని.

బందరు_బుల్లోడు
శ్రావణం అంటే జూలై, ఆగస్టు. ఉత్తరం 1941 శ్రావణంలో వచ్చిందని పదో అధ్యాయంలో ఉందా? లేకపోతే ఒక వాక్యం పెట్టండి, పసుపు చేత్తో పట్టుకున్నట్టు.

తాళ్ళరేవు_కెరటం
పెట్టాను. వరలక్ష్మీ వ్రతం రోజు వస్తుంది ఆ ఉత్తరం.

గోదారి_గట్టు
మరి అప్పన్న?

తాళ్ళరేవు_కెరటం
రాడు గోదారి గారూ. ప్రోమ్ రోడ్డు దాకా కనిపిస్తాడు, ఆ తర్వాత కథ ఒడ్డునే ఉండిపోతుంది. వీళ్ళిద్దరికీ ఎంత తెలుసో చదివేవాళ్ళకీ అంతే తెలియాలనిపించింది. 1964లో రంగం నుంచి ఓడ వస్తోందని విని ఇద్దరూ విశాఖ వెళ్తారు. చిట్టెమ్మ ఎవరినీ అడగదు. నూకాలు మాత్రం దిగిన ప్రతి మగాడి మొహం చూస్తుంది.

పిఠాపురం_పద్దు
నూకాలు చూస్తుందా. బాగుందండి.

తాళ్ళరేవు_కెరటం
మనవరాలు గారూ, ఒకటి అడగాలి. తాళంచెవి నేను వాడుకోవచ్చా? వద్దంటే ముట్టుకోను.

రంగం_మనవరాలు
తాళంచెవి వద్దండి, అది వాళ్ళిద్దరిది. చేపలకి డబ్బులు తీసుకోని సంగతి వాడుకోండి. అది మా నాయనమ్మది, ఆవిడ ఒప్పుకునేది.

తాళ్ళరేవు_కెరటం
అలాగే. ఉప్పాడ పిల్ల గారూ, ఇంకొక్కటి. ఫిబ్రవరిలో మీ తీరంలో నూకాలు తట్టలో ఏం చేపలుంటాయి? చిట్టెమ్మకి ఊరికే ఇచ్చేవి?

ఉప్పాడ_పిల్ల
నాన్నని అడిగి రేపు చెప్తానండి. ఊరికే ఇచ్చేటప్పుడు మాత్రం మంచివి పైన పెట్టదు. ఎవరూ చూడకుండా అడుగున పెట్టి ఇస్తాది.